‘పో’ అన్న చేతులు

హైదరాబాదులో చెరువులు తెగి, టోలీచౌకీ సందుల్లో మునిగిన కార్ల పక్కనుంచి పడవలు తిరిగిన ఏడాది అది. వానొస్తే కృష్ణానగర్ సందు కాలవైపోవడం మామూలే. కాని ఆ అక్టోబరులో వచ్చిన నీళ్ళకి మోటారుసైకిళ్ళు వాటంతట అవే బయల్దేరి పోయాయి. సినిమాల్లో వేషాలకోసం ఊళ్ళొదిలి వచ్చిన కుర్రాళ్ళు వాటి వెంట పరిగెత్తారు.

ఆ నీళ్ళలోనే దేవకుమార్ గొంతు పోయింది.

ఇంటి ఓనరు శకుంతలమ్మ స్కూటర్ కొట్టుకుపోతుంటే ఆయన అడ్డం పడి పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు ఊరుకోక, ఎవరైనా రండర్రా అని అరిచాడు. సొంత మాట అంత గట్టిగా అనడం ఆయన జీవితంలో అదే మొదలు. అరుపు బయటికెళ్ళింది, గొంతు కూడా దానివెంటే వెళ్ళింది.

డాక్టరు లైటు వేసి చూసి, లోపల బుడిపెలు లేచాయన్నాడు. నెల రోజులు నోరు విప్పకూడదు. గుసగుస అసలే కూడదు, అది ఇంకా చెడుపు. కాదని మాట్లాడితే ఉన్న కాస్తా పోతుంది. రోజులు అట్లాంటివి కాబట్టి కరోనా పరీక్ష కూడా చేయించారు. అది కాదని తేలింది.

అరిచినప్పుడు దేవకుమార్ భార్య తెరెసా లోపల మంచం మీదికి బియ్యం బస్తా ఎక్కించే హడావిడిలో ఉంది. డాక్టరు దగ్గరికి కూతురు ఫెబా తీసుకెళ్ళింది. ఆయన గొంతు పోయిన సంగతి తెరెసాకి ఆదివారం దాకా తెలియలేదు. ఆ ఇంట్లో ఆయన మామూలుగా మాట్లాడేది కూడా అంతే మరి. ఆదివారం పాస్టరుగారు ఫోన్లో ప్రార్థన చేస్తుంటే అందరూ ఆమెన్ అన్నారు, ఈయన అనలేదు.

"ఏవండీ, ఆమెన్ అనలేదేంటి? పాస్టరుగారి మీద కోపమా?" అంది తెరెసా.

ఆయన గొంతు చూపించాడు.

"గొంతా? ఎప్పట్నుంచి? మరి నాకు చెప్పలేదేంటి?"

"ఎలా చెప్తారు మమ్మీ," అంది ఫెబా.

ఇంట్లో మాటకి అంత కరువుగా ఉండే మనిషి బయట చేసే ఉద్యోగం మాటలు చెప్పడమే. సినిమా సెట్టులో ఆయన ప్రాంప్టరు. మన హీరోయిన్లలో చాలామందికి తెలుగు రాదు. కెమెరా పక్కన, లైట్ల వెనకాల నిలబడి ఈయన డైలాగు ముక్కలు చేసి అందిస్తాడు, ఆ అమ్మాయి అందుకుని పలుకుతుంది. ఎలాగూ తర్వాత ఇంకొకావిడ డబ్బింగు చెప్తుంది గనక పెదాలు కుదిరితే చాలు. ఏమీ కుదరని రోజున వన్ టూ త్రీ ఫోర్ అనిపించి కూడా కానిచ్చేస్తారు. దేవకుమార్ నరసాపురం నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఎందరో హీరోయిన్లకి ప్రేమమాటలు, శాపనార్థాలు, ఆఖరి ఘడియ మాటలు అన్నీ అందించాడు. ఆయన మాట ఒక్కటే అందించడు. తల వంచాల్సిన చోట తల వంచి, కన్నీళ్ళు తుడవాల్సిన చోట తుడిచి మరీ చూపిస్తాడు. వాళ్ళు అచ్చం అలాగే చేస్తారు. అదీ అలవాటు.

సెట్టులో గొంతు పోయిందని తెలిస్తే ఏమవుతుందో ఆయనకి తెలుసు. కోడైరెక్టరు రాఘవేంద్ర బొంబాయినుంచి చెవిలో పెట్టుకునే చిన్న మిషను ఒకటి తెప్పించి జేబులో వేసుకుని తిరుగుతున్నాడు. హీరోయిన్ చెవిలో అది పెడితే, తను ఎక్కడో నీడలో కుర్చీలో కూర్చుని టీ తాగుతూ డైలాగు చెప్పొచ్చట. దేవకుమార్ ఉన్నన్నాళ్ళు దాన్ని బయటికి తీసే వీల్లేదు. ఒక్క రోజు ఆయన లేకపోతే అది చెవిలోకి వెళ్తుంది. వెళ్ళిందంటే మళ్ళీ బయటికి రాదు. ఆ తర్వాత కెమెరా పక్క ఆ జానెడు చోటులో ఏ స్టాండో పెట్టేస్తారు.

దేవకుమార్ గోడకి చేరగిలబడి కూర్చుని దీని గురించే ఆలోచిస్తూ ఉండేవాడు. ఎదురుగా ఫెబా పాఠం చెప్పుకుంటూ ఉండేది.

ఫెబా జూబ్లీ హిల్స్‌లో పెద్దింటి పిల్లలు చదువుకునే ఒక బడిలో యురిథ్మీ టీచరు. జర్మనీ దేశంవైపు పుట్టిన విద్య అది. నోటితో అన్న మాటని, వాయించిన పాటని ఒంటితో చేసి కంటికి చూపించడం. ఒక్కో శబ్దానికి ఒక్కో కదలిక. బళ్ళు మూసేశారు కాబట్టి ఆ పాఠం కృష్ణానగర్ ఇంటి ముందుగదిలోకి వచ్చింది. కుర్చీ మీద పీట, పీట మీద లాప్‌టాప్, అందులో గళ్ళు గళ్ళుగా పిల్లలు. ఫెబా చేతులు రెండూ విశాలంగా చాపితే ఆ. ముందుకి గుండ్రంగా చుడితే ఓ. ఒక చెయ్యి పైకి, ఒకటి కిందికి గీత గీసినట్టు పెడితే ఈ. రెండూ దగ్గరగా, సమంగా నిలబెడితే ఊ. ర అంటే చేతులు చక్రంలా దొర్లాలి, ల అంటే కిందనుంచి నీళ్ళు తోడి పైకి వదిలినట్టు లేవాలి.

శకుంతలమ్మ మేడమెట్లు దిగుతూ కిటికీలోంచి చూసి ఒకరోజు ఆగిపోయింది.

"ఏంది తెరెసమ్మా, మీ పిల్ల పొద్దుగాలసంది గాలిల చేతులు తిప్పుతున్నది. ఏమన్న సోకిందా ఏంది?"

"అక్షరాలు ఆంటీ," అంది ఫెబా ఆపకుండానే. "నోటితో అన్న మాట కంటికి కనబడాలి."

"నోరుండంగ చేతులకేం పని బిడ్డా?"

"నోరు లేకపోతేనో?"

"లేనోడు ఊకుంటడు. మీ నాయిన లేడూ," అని ఆవిడ దిగిపోయింది.

దేవకుమార్ మాత్రం గోడకి ఆనిన వీపు ఎత్తి కూర్చున్నాడు. ఆ అంటే నోరు తెరుచుకుంటుంది. ఓ అంటే పెదాలు గుండ్రమవుతాయి. ఈ అంటే సాగుతాయి. హీరోయిన్‌కి కావలసింది పెదాలే. మిగతాది డబ్బింగు చూసుకుంటుంది. ఉత్తి నోరు కదిపి చూపిద్దామంటే సెట్టులో నటులు తప్ప అందరూ మాస్కులు వేసుకోవాలి, పైగా లైట్లు ఎదురుగా కొడుతుంటే వెనకాల ఉన్న మనిషి ఆకారం తప్ప మొహం కనపడదు. చేతులైతే కనపడతాయి.

ఆవేళ పాఠం అయ్యాక ఆయన లేచి కూతురి ముందు నిలబడి చేతులు చాపాడు.

"డాడీ?" అంది ఫెబా.

ఆయన గుండ్రంగా చుట్టాడు.

"మమ్మీ, ఇలా రా. డాడీ ఓ అంటున్నారు."

తెరెసా గరిటెతో వచ్చి నిలబడి చూసింది. "ఏదైనా పనికొచ్చేది అడగమను, కూరేం చెయ్యాలో," అంది.

షూటింగు మొదలయ్యేనాటికి అచ్చులన్నీ వచ్చేశాయి. హల్లులు కూడా చాలావరకు వచ్చాయి. భుజాలు నొప్పెడితే తెరెసా నీలగిరి తైలం రాసింది.

*

సెట్టు ఫిల్మ్‌నగర్‌లో వేశారు. పాతకాలం పెద్దింటి ముంగిలి, ఎత్తు గడప. డైరెక్టరు తిరుమలేశ్‌కి అది రెండో సినిమా. ఆయన దూరంగా గుడారంలో మానిటరు ముందు కూర్చున్నాడు. దూరంగా కూర్చోవాలని అప్పటి నియమం. అందుకని తెరలో కనబడేదే ఆయనకి తెలుసు, తెర వెనకాల ఏం జరుగుతోందో తెలియదు.

హీరోయిన్ గీతిక లూధియానా అమ్మాయి. దేవకుమార్ దగ్గర రెండు సినిమాలు చేసింది. ఆయన లేకపోతే తెలుగులో నీళ్ళు కూడా అడగలేదు. ఉదయం మేకప్ అవుతుండగానే ఆయన వెళ్ళి గొంతు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపి, పెదాల మీద వేలు పెట్టాడు. ఎవరికీ చెప్పొద్దని. తర్వాత మాస్కు దించి, నోరు ఆ అని తెరిచి చేతులు చాపాడు. ఓ అని చుట్టి చేతులు చుట్టాడు.

"సమఝ్ గయీ అంకుల్ జీ," అర్థమైందని హిందీలోనే అంది గీతిక. "ప్రామిస్, ఎవరికీ చెప్పను. మీరు చేసేది నేను చేస్తా."

ఆఖరి ముక్క దగ్గర దేవకుమార్‌కి అనుమానం రావలసింది. రాలేదు.

సీను ఇది. మోసం చేసిన హీరో మళ్ళీ గుమ్మంలోకి వస్తాడు. హీరోయిన్ గడప మీద నిలబడి, "పో. ఈ గడప తొక్కకు. పో," అంటుంది. అతను తల దించుకుని వెళ్ళిపోతాడు.

క్లాపు కొట్టారు. దేవకుమార్ కెమెరా పక్క తన చోట నిలబడి చేతులు గుండ్రంగా చుట్టాడు. పో.

గడప మీద గీతిక కళ్ళనిండా నీళ్ళు తెచ్చుకుని, పెదాలు గుండ్రంగా చుట్టి పో అంది. అంటూ చేతులు కూడా గుండ్రంగా చుట్టింది, ఎదటివాణ్ణి ఒళ్ళోకి రమ్మన్నట్టు.

అలా చేతులు చుట్టమని దేవకుమార్ చెప్పలేదు. కాని అచ్చు అందించడం మధ్యలో ఆపితే ఆ పిల్ల మధ్యలో నిలబడిపోతుంది. ఈ చూపించాడు. ఆమె ఒక చెయ్యి ఆకాశానికి, ఒక చెయ్యి గడపకి చాచింది. ఆ చూపించాడు. రెండు చేతులూ బార్లా తెరిచింది. మళ్ళీ పో.

హీరో బాబు తల దించుకుని వెళ్ళాల్సినవాడు ఆ చేతులవంక చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత మూడు అడుగులు ముందుకి వేసి, గడపెక్కి, ఆ చేతుల్లోకి వెళ్ళి నిలబడ్డాడు.

కట్ అన్నవాళ్ళు లేరు. హీరో ఆ చేతుల్లోంచే, "సార్, నన్ను రమ్మంటున్నారనుకున్నా. చేతులు చాపితే పోనా మరి?" అన్నాడు.

తిరుమలేశ్ గుడారంలోంచి బయటికొచ్చాడు. మాస్కు ముక్కు కిందికి జారి ఉంది.

"నోరు పొమ్మంటున్నది, చేతులు రమ్మంటున్నయి," అన్నాడు. "ఆర్నెల్లసంది గీ సీను రాస్తున్న. గీ ముక్క నాకు దొరకలే. ఎవరు చెప్పిండ్రు మేడమ్ మీకు?"

"అంకుల్ జీ," అంది గీతిక, అని వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అందరూ లైట్ల వెనక్కి తిరిగారు. దేవకుమార్ చేతులు ఇంకా సగం చుట్టి ఉన్నాయి. దించేశాడు.

అప్పుడే డాన్సు మాస్టరు వీరయ్య ముందుకొచ్చాడు. ఆయన మధ్యాహ్నం పాట రిహార్సలుకోసం గ్రూపుతో వచ్చి పక్కన కూర్చుని అంతా చూశాడు.

"డైరెక్టరుగారూ, ఒక్క మాట. ఈ సినిమాకి డాన్సు మాస్టరు నేనేనా, లోపల ఇంకెవరన్నా ఉన్నారా?"

"మీరే అన్నా. గది డాన్స్ కాదే, యాక్టింగు."

"యాక్టింగయితే మొహంతో చేస్తారండీ. చెయ్యి భుజం దాటి లేచిందంటే అది నా డిపార్టుమెంటు. ఎక్కడన్నా కనుక్కోండి."

"మరి కాలు లేస్తేనో?" అన్నాడు పైన నిచ్చెన మీది లైట్‌మేన్.

"ఫైటు మాస్టరుది."

"మెడ తిప్పితే?"

"నువ్వు లైటు తిప్పు నాయనా," అన్నాడు వీరయ్య. "నా గ్రూపులో లేనివాడు కెమెరా వెనకాల నిలబడి చేతులు ఊపి మూవ్‌మెంటు నేర్పించాడు. రేపు కాస్ట్యూమర్ కూడా ఓ స్టెప్పు చెప్తాడు. ఎల్లుండి టీలు ఇచ్చేవాడు చెప్తాడు. మేం ఇంట్లో కూర్చుంటాం."

రాఘవేంద్ర దేవకుమార్ దగ్గరికొచ్చాడు. "ఏంటి బాబాయ్ ఇది? చెప్పు. నువ్వు చెప్తే సరిపోతుంది కదా."

దేవకుమార్ నేలవంక చూశాడు.

"మాట్లాడవేంటి? అవునూ, పొద్దుట్నుంచీ నీ గొంతు వినలేదు నేను. గొంతేమైంది?"

ఆ మాటతో సెట్టు కాస్త పెద్దదయింది. నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే ఒక్కో అడుగు వెనక్కి వేశారు. హీరో బాబు గీతిక చేతుల్లోంచి బయటికొచ్చి గడప అవతలికి వెళ్ళాడు. ఎవరో శానిటైజరు తెచ్చి దేవకుమార్‌కి దూరంగా నేల మీద పెట్టి, చేత్తో తోశారు.

"వాసన తెలుస్తుందా బాబాయ్?" అని ఒకరు అరిచారు.

ఆయన తల ఊపాడు.

"తల ఎవరైనా ఊపుతారు. ఏదన్నా చూపించండి."

ప్రొడక్షనువాళ్ళు ఉప్మా గిన్నె ఒకటి పొడుగాటి మైకు కర్ర చివర కట్టి ఆయన ముక్కు దగ్గరికి పంపించారు. దేవకుమార్ వాసన చూసి, మొహం చిట్లించి, గిన్నె పక్కకి నెట్టాడు.

"తెలుస్తున్నది," అన్నాడు తిరుమలేశ్. "గా ఉప్మా నిన్నటిదే."

ఇక లాభం లేదని దేవకుమార్ ఫోను తీసి కూతురికి వీడియో కలిపి గీతిక చేతికిచ్చాడు. గీతిక ఆయన వైపు తిప్పి పట్టుకుంది. అవతల ఫెబా పాఠం మధ్యలో ఉంది. వెనకాల లాప్‌టాపులో పిల్లలు గళ్ళలోంచి తొంగి చూస్తున్నారు.

"డాడీ, క్లాసులో ఉన్నాను," అంది. తర్వాత దూరదూరంగా నిలబడ్డ జనాన్ని, మైకు కర్రకి వేలాడుతున్న ఉప్మా గిన్నెని చూసింది. "ఏమైంది?"

రాఘవేంద్ర చెప్పాడు. ఫెబా గొంతులో బుడిపెల సంగతి, పరీక్ష చేయించిన సంగతి, చేతుల సంగతి మొత్తం చెప్పేసింది. "డాన్సు కాదండీ. అది మాటే. పో అనే మాట అలాగే ఉంటుంది," అంది.

"పో అంటే ఇలా రమ్మన్నట్టు ఉంటుందామ్మా?" అన్నాడు వీరయ్య.

"అర్థాన్ని చూపించం సార్. శబ్దాన్ని చూపిస్తాం."

"మేం అర్థమే చూపిస్తాం. గుండె అంటే గుండె మీద చెయ్యి పెడతాం. కన్ను అంటే కన్ను. ప్రేక్షకుడికి తెలియాలా వద్దా?"

"సరే, సరే," అన్నాడు రాఘవేంద్ర, నిజంగానే జాలిగా. "సార్, పాపం బాబాయ్‌కి గొంతు బాలేదు. ఇంటికి పంపిద్దాం, రెస్టు తీసుకుంటాడు. మన దగ్గర మిషను ఉండనే ఉంది." అని జేబులో చెయ్యి పెట్టాడు.

దేవకుమార్ ఆ జేబునే చూస్తున్నాడు. నోరు తెరిచి ఒక్క మాట అందామా అనిపించింది. అంటే డాక్టరు చెప్పినట్టే అవుతుంది. అప్పుడు నెల తర్వాత కూడా ఈ చోటుకి వచ్చి చెయ్యగలిగేది ఏమీ ఉండదు. నోరు మూసుకున్నాడు.

తిరుమలేశ్ తల గోక్కున్నాడు. "ఆగన్నా. బాబాయ్, నువ్వేమంటవ్?"

ఆ ప్రశ్న ఆయన్ని సెట్టులో ఎవరూ అడిగి ఎరగరు. హీరోయిన్ ఏమనాలో అడుగుతారు గాని. దేవకుమార్ చేతులు లేపాడు.

ఫోనులో ఫెబా ఒక్కో శబ్దం చదవడం మొదలుపెట్టింది. ఆమె వెనకాల పిల్లలు కూడా అందుకున్నారు, ఆ జూబ్లీ హిల్స్ పిల్లలకి తెలుగు మాట్లాడే వేళ అదొక్కటే.

"న... నా," అంది ఫెబా.

"నా," అన్నారు పిల్లలు.

"చ... చా కాదు, చో."

"చపాతీ," అని ఒక గడిలోంచి కేక వచ్చింది.

"ఆగరా. చో... టు. నా చోటు." ఫెబా ఒక క్షణం ఆగింది. "ఇ... ది."

"నా చోటు ఇది," అని పిల్లలందరూ కలిపి అరిచారు. ఫోను చిన్నదే గాని సెట్టంతా వినబడింది.

దేవకుమార్ చేతులు దించి, మాస్కు సర్దుకుని, మళ్ళీ నేలవంక చూశాడు.

రాఘవేంద్ర జేబులోంచి చెయ్యి బయటికి తీశాడు, ఖాళీగానే.

"చూడు వీరయ్యన్నా," అన్నాడు తిరుమలేశ్. "నాకు గీ షాటు కావాలె. బాబాయ్ గీడనే కావాలె. నువ్వూ కావాలె. ఏం జేద్దాం, నువ్వే చెప్పు."

వీరయ్య చేతులు కట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు గాని పంతం గలవాడు. "నా రూలు నేను మార్చను సార్. కెమెరా దగ్గర చెయ్యి ఊపాలంటే నా గ్రూపు మనిషై ఉండాలి. నా గ్రూపులో చేరాలంటే ఎవరైనా నా ముందు వన్ నుంచి ఎయిట్ దాకా ఎనిమిది కౌంట్లు ఆడి చూపించాలి. నా సొంత బావమరిదికి కూడా తప్పలేదు, వాడు తప్పాడు, ఇంటికి పంపాను. రేపు పొద్దున షిఫ్టుకి ముందు రమ్మనండి. ఆడితే ఇక్కడ నిలబడి నెలంతా ఊపుకోవచ్చు. ఆడలేకపోతే..."

"మిషను," అన్నాడు రాఘవేంద్ర.

"ఈ వయసులో డాన్సా?" అంది ఫోనులోంచి ఫెబా.

"వయసు నేను అడగలేదమ్మా, కౌంట్లు అడిగాను."

*

సాయంత్రం ఇంట్లో తెరెసా ఈ కథంతా విని నవ్వి నవ్వి పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మన పెళ్ళిలో బాండువాళ్ళు మండపం అదిరిపోయేలా వాయిస్తే, మా అన్నయ్యలందరూ ఎగిరితే, ఈయన బొటనవేలు కూడా కదపలేదు. పాస్టరుగారు కూడా తాళం వేశారు. ఈయనకి డాన్సు పరీక్షంట."

"నేను ఏదైనా చిన్న స్టెప్పు నేర్పనా డాడీ?" అంది ఫెబా. "కుడి కాలు, ఎడమ కాలు, చప్పట్లు. అంతే."

ఆయన లేచి కుడి కాలు వేశాడు. ఎడమ కాలు వేశాడు. చప్పట్లకి చేతులు లేపాడు, అవి కలవకుండా గాలిలో గుండ్రంగా ఆగిపోయాయి.

"ఓ అంటున్నారు," అంది తెరెసా.

ఫెబా ఇంకో మూడుసార్లు ప్రయత్నించింది. కుడి అంటే ఎడమ వేశాడు, ఎడమ అంటే ఆగిపోయాడు. లెక్కకి అడుగు వెయ్యడం ఆ ఒంటికి అలవాటు లేదు. ఆఖరికి ఆయనే చెయ్యి ఊపి వద్దన్నాడు, వెళ్ళి గోడకి చేరగిలబడ్డాడు. తెరెసా నవ్వడం మానేసి వచ్చి పక్కన కూర్చుంది.

"పోతే పోనీండి. ఇంట్లో కూర్చుందురుగాని," అంది.

ఆయన అడ్డంగా తల ఊపాడు.

"అవును లెండి. అక్కడే అలవాటు," అంది తెరెసా. తైలం సీసా తెచ్చి భుజాలకి రాసింది.

మర్నాడు పొద్దున దేవకుమార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫిల్మ్‌నగర్ వెళ్ళాడు. ఇంకా లైట్లు పెట్టలేదు. సెట్టు పక్క ఖాళీ నేల మీద వీరయ్య గ్రూపు వరసలు కట్టి ఉంది, ఆడపిల్లలు ముందు, మగపిల్లలు వెనక. అందరికీ నల్ల బనీన్లు, వీపు మీద తెల్లగా మాస్టరు పేరు. వీరయ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రాఘవేంద్ర ఒక పక్కన టీ తాగుతున్నాడు. తిరుమలేశ్ కూడా ముందే వచ్చాడు.

"ఏ పాట పెట్టమంటావు బాబాయ్?" అని అడిగింది ముందు వరసలో ఉన్న చిన్ని అనే అమ్మాయి.

ఆయన పాట వద్దని చెయ్యి ఊపాడు. చిన్ని భుజం పట్టుకుని ఆమెని వెనక్కి తిప్పి, వీపు మీద పేరులో మొదటి అక్షరం మీద వేలు పెట్టాడు. వదిలి, చేతులు రెండూ అలలాగా ముందుకి పంపి, ఒక చెయ్యి పైకి, ఒకటి కిందికి సాగదీశాడు. వీ. రెండో అక్షరం మీద వేలు పెట్టి, చేతులు చక్రంలా దొర్లించాడు. మూడోదానికి ఈ నుంచి ఆ లోకి మెల్లగా తెరిచాడు.

వీరయ్య ముందుకి వంగాడు. "ఏంటది?"

"మీ పేరు మాస్టారూ," అంది చిన్ని, తల వెనక్కి తిప్పి.

దేవకుమార్ ఇంకోసారి చేశాడు. డాన్సువాళ్ళ కళ్ళకి రెండోసారి చాలు. చిన్ని చేసింది. ముందు వరస చేసింది. మూడోసారికి వెనక వరసతో సహా అందరూ కలిసి అల పంపి, చక్రం దొర్లించి, చేతులు తెరిచారు. వీరయ్య పేరు నేల ఈ చివర్నుంచి ఆ చివరిదాకా మనిషి ఎత్తున లేచింది.

వీరయ్య కుర్చీలోంచి లేచాడు. ఒకసారి ఇటునుంచి, ఒకసారి అటునుంచి నడిచి చూశాడు. తర్వాత వెనక్కి వేలు చూపించి, "మూడో వరసా, ఆ ర దగ్గర చేతులు వదులుగా ఉన్నాయేంట్రా? నా పేరు అంత నీరసంగా ఉంటుందా?" అన్నాడు. "మళ్ళీ మొదట్నుంచి. రెడీ, వన్ అండ్ టూ అండ్..."

"మరి బాబాయ్ ఎనిమిది కౌంట్లు మాస్టారూ?" అన్నాడు రాఘవేంద్ర.

"ఉండవయ్యా, వరస చెడిపోతుంది," అన్నాడు వీరయ్య అటు తిరగకుండానే.

దేవకుమార్ పాసయ్యాడో లేదో అడగలేదు. వాళ్ళని అక్కడే వదిలేసి సెట్టులోకి వెళ్ళాడు. కెమెరా పక్క ఎవరో తెచ్చి పెట్టిన స్టాండు ఎత్తి అవతల పెట్టి, తన చోట నిలబడ్డాడు. గీతిక వచ్చి గడప మీద నిలబడగానే రెండు చేతులూ లేపాడు.